మధ్యాహ్నం రెండింటి బ్యాచ్ వద్దు: హైదరాబాద్ బడులకు, కోచ్‌లకు ఒక బహిరంగ లేఖ

హైదరాబాద్ బడుల ప్రిన్సిపాళ్లకు, పీఈటీ సార్లకు, మేడమ్‌లకు, సమ్మర్ క్యాంపులు నడిపే కోచ్‌లకు నమస్కారం.

నేను చందానగర్‌లో ఉంటాను. ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పబట్టి ఇరవై రెండేళ్లయింది. మా బాబు ఏడో తరగతి. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవుతాయి, ఏప్రిల్ నాలుగో వారానికి వేసవి సెలవులు వచ్చేస్తాయి. ఇప్పుడు మీరంతా టైమ్‌టేబుళ్లు, బ్యాచ్‌లు వేసుకునే పనిలో ఉంటారు. అవి ఖరారు కాకముందే, ఎండాకాలం మధ్యాహ్నాల్లో మనం పీల్చే గాలిలో పెరిగే ఓజోన్ గురించి ఈ ఉత్తరం మీకు చేరాలని రాస్తున్నాను.

పోయిన ఏడాది ఏప్రిల్‌లో మా బాబుని ఒక ఫుట్‌బాల్ క్యాంపులో చేర్పించాం. పొద్దుటి బ్యాచ్ అప్పటికే నిండిపోయింది. మధ్యాహ్నం టర్ఫ్ అద్దె తక్కువ కాబట్టి రెండింటి బ్యాచ్‌కి ఫీజూ తక్కువే. పైన గ్రీన్ నెట్ కట్టారు, మధ్యలో మజ్జిగ ఇస్తారు, టోపీ లేకుండా లోపలికి రానివ్వరు. ఎండ గురించి ఆ కోచ్ ఎంత జాగ్రత్త పడాలో అంతా పడ్డాడు. ఆ అబ్బాయి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

పదో రోజో పదకొండో రోజో నేను తీసుకురావడానికి వెళ్లేసరికి బాబు ఆటలో లేడు. ఒక చేత్తో ఫెన్సింగ్ పట్టుకుని, రెండో చెయ్యి మోకాలి మీద ఆనించి వంగి నిలబడ్డాడు. చెమట ఉంది గాని ఒళ్లు కాలడం లేదు, కళ్లు తిరగడం లేదు. "ఏమైంది నాన్నా?" అంటే, "గాలి పూర్తిగా పీల్చలేకపోతున్నానమ్మా. సగానికి వచ్చేసరికి దగ్గొచ్చేస్తోంది" అన్నాడు. ఇంటికొచ్చాక మా అత్తయ్య ఎండదెబ్బేనని ఉల్లిపాయ రసం పట్టించింది. రాత్రికి పిల్లికూతలు మొదలయ్యాయి. మర్నాడు డాక్టరు గారు స్టెతస్కోప్ పెట్టి చూసి ఇన్‌హేలర్ రాశారు. అంతకుముందు వాడికి ఆయాసం అన్న మాటే తెలియదు.

ఆ రోజు ఆకాశం కడిగినట్టు నీలంగా ఉంది. దుమ్ము లేదు, పొగ లేదు. అందుకే నాకు మొదట ఏమీ తట్టలేదు. పడుకునే ముందు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల సమీర్ యాప్ తెరిస్తే, మాకు దగ్గరలో ఉన్న స్టేషన్‌కి ఎదురుగా ప్రధాన కాలుష్యకం అన్నచోట ఓజోన్ అని ఉంది. పాఠంగా ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. నా బిడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్తోందని మాత్రం ఆ రాత్రి దాకా అనుకోలేదు. వాడి ఒక్కడి దగ్గుకి అదే కారణమని నేను నిరూపించలేను. కానీ గట్టిగా గాలి పీలిస్తే ఛాతీలో పట్టేయడం, సగంలో దగ్గు రావడం ఓజోన్ చూపించే లక్షణాల్లో మొదటివి.

ఓజోన్ అనగానే చాలామందికి పైనున్న పొర గుర్తొస్తుంది. అది సూర్యుడి అతినీలలోహిత కిరణాల నుంచి మనల్ని కాపాడుతుంది, దానికి చిల్లు పడకూడదు. ఆ మాట నిజమే. అదే వాయువు మనం పీల్చే ఎత్తులో ఉంటే మాత్రం ఊపిరి గొట్టాల లోపలి పొరని వాచేలా చేస్తుంది. పైగా ఇది ఏ గొట్టం నుంచీ, ఏ పొగగూడు నుంచీ నేరుగా రాదు. బండ్ల పొగలో, జనరేటర్ల పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు ఉంటాయి. పెట్రోలు, పెయింట్ థిన్నర్, ఫ్యాక్టరీల్లో రసాయనాలు కరిగించడానికి వాడే సాల్వెంట్ల నుంచి ఆవిర్లు లేస్తాయి. ఈ రెండూ ఎండలో కలిసి ఉడికితే ఓజోన్ తయారవుతుంది. ఎండే దీనికి పొయ్యి. అందుకే పొద్దున్న ట్రాఫిక్ వదిలిన పొగ మధ్యాహ్నానికి ఓజోన్ అయి కూర్చుంటుంది. మబ్బులేని రోజున పన్నెండు దాటాక పెరుగుతూ పోయి, రెండు మూడు గంటల ప్రాంతంలో శిఖరానికి చేరి, పొద్దు వాలాక దిగుతుంది.

ఈ సంగతి మొదట తెలుసుకున్న ఊరు లాస్ ఏంజెలెస్. 1943 జులైలో ఒకరోజు ఊరంతా కళ్లు మండి, గొంతులు పట్టేస్తే యుద్ధకాలం కాబట్టి జపాన్ విషవాయువు వదిలిందేమోనని జనం భయపడ్డారు. ఏళ్ల తరబడి ఫ్యాక్టరీ పొగే కారణమనుకున్నారు. చివరికి చిక్కుముడి విప్పింది అనాసపండు రుచి మీద పరిశోధన చేసుకుంటున్న కెమిస్ట్రీ ప్రొఫెసర్ హాగెన్-స్మిట్. బండి పొగలోని ఆవిర్లు ఎండలో ఓజోన్‌గా మారుతున్నాయని 1950ల మొదట్లో ఆయన తేల్చారు. ఓజోన్‌ని కొలవడానికి ఆయన వాడింది వంచి పెట్టిన రబ్బరు ముక్క. గాలిలో ఓజోన్ ఎంత ఎక్కువుంటే రబ్బరు అంత తొందరగా పగులుతుంది. ఆ ఊళ్లో కార్ల టైర్లు మిగతా ఊళ్లకన్నా ముందే ఎందుకు పగుళ్లు తీస్తున్నాయో అప్పుడు తెలిసింది. నేను ప్రతి ఏడాదీ క్లాసులో ఈ కథ చెబుతాను. సాగదీసిన రబ్బరుని పగలగొట్టే వాయువు పసివాడి శ్వాసనాళంలోకి వెళ్తే ఏం చేస్తుందో ఊహించండి.

అక్కడి నుంచి ఒక్కో ఊరూ దెబ్బ తిని తన చెడ్డవేళ ఏదో నేర్చుకుంది. 1970 జులై 18న టోక్యోలో ఒక హైస్కూల్ గ్రౌండ్‌లో ఆడుకుంటున్న ఆడపిల్లలు కళ్లమంట, గొంతునొప్పి, ఊపిరాడకపోవడంతో 40 మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. ఆనాటి నుంచీ జపాన్‌లో గాలిలో ఓజోన్, దానిలాంటి వాయువులు కలిపి పది లక్షల పాళ్లలో 0.12 పాలు దాటితే హెచ్చరిక ఇస్తారు. వీధి లౌడ్‌స్పీకర్లలో చెబుతారు, బడులు గ్రౌండ్‌లో ఆటలు ఆపేసి పిల్లల్ని లోపలికి పంపిస్తాయి. అంత పెద్ద మార్పు ఒక బడి గ్రౌండ్‌లో మొదలైంది. మీకు రాయాలన్న ఆలోచన నాకు అక్కడే వచ్చింది.

మెక్సికో సిటీది ఇంకో రకం కష్టం. సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తు, చుట్టూ కొండలు, పైన పల్చని గాలిలోంచి దిగే తీక్షణమైన ఎండ. లేచిన పొగ బయటికి పోయే దారి లేదు. 1995లో బ్లేక్, రోలాండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అక్కడి గాలిని పరీక్షించి, వంటగ్యాస్ సిలిండర్ల నుంచి కాల్చకుండానే లీకయ్యే గ్యాస్ కూడా ఓజోన్‌కి పెద్ద వాటాదారేనని చెప్పారు. ఈ రోలాండ్ ఎవరో కాదు, పైనున్న ఓజోన్ పొర దెబ్బతింటోందని మొలీనా అనే శాస్త్రవేత్తతో కలిసి ప్రపంచాన్ని హెచ్చరించిన ఆయనే. ఆ మొలీనా పుట్టింది మెక్సికో సిటీలోనే. ఇప్పుడు అక్కడ ఓజోన్ హద్దు దాటితే ఎమర్జెన్సీ ప్రకటిస్తారు. కొన్ని బండ్లను రోడ్డెక్కనివ్వరు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి సాయంత్రం ఏడు దాకా బయట ఆటలు వద్దంటారు.

యూరప్‌లో ఉత్తరం కన్నా దక్షిణం ఎక్కువ బాధపడుతుంది. ఇటలీలోని పో మైదానం, మధ్యధరా తీరం వేసవిలో మొదటి వరసలో ఉంటాయి. భూమికి దక్షిణార్ధంలో నేలా తక్కువ, బండ్లూ ఫ్యాక్టరీలూ తక్కువ, కాబట్టి మొత్తం మీద ఓజోన్ కూడా ఉత్తరార్ధం కన్నా తక్కువే. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఒక చమురు లోయ ఉంది. అక్కడ ఎండాకాలం కాదు, గడ్డకట్టే చలికాలంలో ఓజోన్ పెరుగుతుంది. నేలంతా పరుచుకున్న మంచు ఎండని తిప్పి కొడుతుంది, చల్లగాలి మూతలా పడి చమురు బావుల ఆవిర్లని లోయలోనే బంధిస్తుంది. ఒక ఊరి లెక్క ఇంకో ఊరికి పనికిరాదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

చైనా నేర్చుకున్నది మనకి మరీ ముఖ్యం. 2013 నుంచి వాళ్లు దుమ్ము, పొగ మీద గట్టిగా పడ్డారు. సన్నని ధూళి బాగా తగ్గింది. అదే కాలంలో వేసవి ఓజోన్ మాత్రం చాలా నగరాల్లో పెరిగింది. 2020 లాక్‌డౌన్‌లోనూ అంతే. రోడ్లు ఖాళీ అయ్యి నైట్రోజన్ ఆక్సైడ్లు సగానికి సగం పడిపోయినా, చైనాలో, యూరప్‌లో ఎన్నో నగరాల్లో ఓజోన్ తగ్గకపోగా ఎక్కువైంది. కారణం చిత్రంగా ఉంటుంది. బండి గొట్టం నుంచి అప్పుడే వచ్చిన నైట్రిక్ ఆక్సైడ్ చుట్టుపక్కల ఓజోన్‌ని తినేస్తుంది. ఆ తినేది తగ్గితే ఓజోన్ మిగిలిపోతుంది. ఆవిర్లని తగ్గించకుండా ఒక్క పొగనే తగ్గిస్తే సరిపోదని చైనాకి అర్థమైంది. 2021 నుంచి 2025 దాకా వేసుకున్న ప్రణాళికలో ఆ రెండింటికీ లక్ష్యాలు పెట్టుకుంది.

మన దేశంలో 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో హైదరాబాద్ ఉంది, పటాన్‌చెరు, సంగారెడ్డి, నల్గొండ కూడా ఉన్నాయి. దాని లక్ష్యమంతా ధూళి కణాల మీదే. ఓజోన్‌కి లక్ష్యం లేదు. ధూళి మీద పని జరగాలి, అందులో రెండో మాట లేదు. కానీ కంటికి కనిపించనిదాన్ని లెక్కలో వేసుకునేవాళ్లు లేరన్నది నా బాధ. స్టేట్ ఆఫ్ గ్లోబల్ ఎయిర్ 2024 నివేదిక ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద ఓజోన్‌కి ముడిపడ్డ మరణాలు సుమారు 4.9 లక్షలు. అందులో దాదాపు సగం మన దేశంలోనే. దీర్ఘకాలం ఈ గాలి పీల్చి ఊపిరితిత్తులు పాడైనవాళ్లవి ఆ ప్రాణాలు.

ఇక మన ఊరి సంగతి. ఓజోన్ వండడానికి కావలసిన సరుకులన్నీ మన ముంగిట్లో ఉన్నాయి. పొగకి లోటు లేదు. ఆవిర్లంటారా, పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, జీడిమెట్ల వైపు బల్క్ డ్రగ్ పరిశ్రమలున్నాయి. మందుల తయారీలో సాల్వెంట్లు లేకుండా పని జరగదు. మా వైపు రాత్రుళ్లు కిటికీ తీస్తే వచ్చే ఆ ఘాటువాసన ఏంటో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఎండ సరేసరి. మే 9 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకి నీడ ఉండదు. మీలో చాలామంది బడుల్లో పిల్లలకి చూపించే ఉంటారు. ఆగస్టు 3 ప్రాంతంలో సూర్యుడు మళ్లీ అక్కడికే వస్తాడు గాని అప్పుడు వానాకాలపు మబ్బు అడ్డుంటుంది. సూర్యుడు అదే చోట ఉన్నా, మేలో ఓజోన్ ఉడికినట్టు ఆగస్టులో ఉడకదు. మనకి చెడ్డకాలం మార్చి నుంచి మే. చెడ్డవేళ మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం అయిదు.

ఒంటిపూట బడి ఎన్నింటికి వదులుతారు? పన్నెండున్నరకి. ఎండదెబ్బ తగలకూడదని పెట్టిన పద్ధతి అది, మంచిదే. కానీ బడి వదిలాక పిల్లలు ఎక్కడుంటున్నారు? ఆటో కోసం గేటు దగ్గర, లేదంటే గ్రౌండ్‌లో. లేదంటే మా బాబులాగా తక్కువ ఫీజు బ్యాచ్‌లో. నాలుగింటికి మొదలయ్యే బ్యాచ్‌ని మనం సాయంత్రం బ్యాచ్ అంటాం. ఏప్రిల్‌లో నాలుగింటికి ఎండ తగ్గడం మొదలైనా, మధ్యాహ్నమంతా పోగైన ఓజోన్ ఇంకా అక్కడే ఉంటుంది.

ఆటలాడే పిల్లల గురించే ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, దానికి గట్టి ఆధారం ఉంది. దక్షిణ కాలిఫోర్నియాలో 12 ఊళ్ల నుంచి, అంతకుముందు ఆస్తమా లేని 3,535 మంది పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించి 2002లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితాలు వేశారు. ఓజోన్ ఎక్కువున్న ఊళ్లలో మూడు, అంతకన్నా ఎక్కువ ఆటలు ఆడే పిల్లలకి, ఏ ఆటా ఆడని పిల్లలకన్నా ఆస్తమా వచ్చే అవకాశం 3.3 రెట్లు ఉంది. ఓజోన్ తక్కువున్న ఊళ్లలో ఆ తేడా లేనే లేదు. అంటే తప్పు ఆటలది కాదు. పరుగెత్తే పిల్లవాడు కూర్చున్న పిల్లవాడి కన్నా ఎన్నో రెట్లు గాలి లోపలికి లాగుతాడు, అదీ నోటితో, లోతుగా. ఎక్కువ చురుకైన పిల్లలకే ఎక్కువ నష్టం జరుగుతోంది. మీ టీముల్లో ముందుండే పిల్లలు వీళ్లే కదా.

ఇంకో మాట. మెయిన్ రోడ్డుకి దూరంగా, చెట్ల మధ్య, ఔటర్ రింగ్ రోడ్డు అవతల గ్రౌండ్ ఉంటే గాలి బాగుంటుందని తల్లిదండ్రులం అనుకుంటాం. ధూళి విషయంలో నిజమే కావచ్చు. ఓజోన్ లెక్క వేరు. ఇందాక చెప్పినట్టు, ట్రాఫిక్ జంక్షన్ దగ్గర అప్పుడే వచ్చిన పొగ ఓజోన్‌ని తినేస్తుంది. గాలి ఊరు దాటి ముందుకు పోయేకొద్దీ ఓజోన్ పెరుగుతుంది. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో ఎక్కువ ఓజోన్ నమోదయ్యేది సిటీ నడిబొడ్డున కాదు, దాదాపు వంద కిలోమీటర్లు తూర్పున ఉన్న శాన్ బెర్నార్డినో వైపు. కాబట్టి దూరంగా ఉన్నాం కదా అని ధీమా పడొద్దు. చెట్లున్నాయి కదా అనీ పడొద్దు. నీలగిరి లాంటి చెట్లు వేడికి ఐసోప్రీన్ అనే ఆవిరిని వదులుతాయి. అట్లాంటాలో చెట్ల ఆవిర్లు ఓజోన్‌కి ఎంత తోడవుతున్నాయో 1988లోనే లెక్కగట్టారు. చెట్లు నరకమని కాదు, ఆ మాట అంటే మహాపాపం. చెట్టు నీడ ఎండ నుంచి కాపాడుతుంది గాని ఓజోన్ నుంచి కాపాడదని చెప్పడమే నా ఉద్దేశం. మాస్కూ అంతే. ఎన్-95 ధూళిని ఆపుతుంది, వాయువుని ఆపలేదు. ఈ మధ్య గాలి శుభ్రం చేస్తామంటూ కావాలనే ఓజోన్ వదిలే మెషీన్లు కూడా అమ్ముతున్నారు. దయచేసి వాటిని క్లాసురూముల్లో పెట్టకండి.

మరి ఏం చేయాలి? ముందు వేళలు. మార్చి నుంచి మే చివరిదాకా పరుగెత్తించే ఆటలన్నీ పొద్దున్న ఆరు నుంచి తొమ్మిదిన్నర లోపు పెట్టండి. కుదరకపోతే సాయంత్రం ఆరు దాటాక, లైట్లు వేసుకుని. పన్నెండు నుంచి అయిదు దాకా క్యారమ్స్, చెస్, టేబుల్ టెన్నిస్, యోగా, ఏవైనా తలుపులు, కిటికీలు మూసిన హాల్లో పెట్టండి. మూసిన గదిలో ఓజోన్ గోడలకి, బట్టలకి తగిలి విరిగిపోతుంది, బయటికన్నా బాగా తక్కువుంటుంది. వ్యాయామ పరీక్షలు, బీప్ మోతకి తగ్గట్టు పరుగెత్తించే బీప్ టెస్టులు, సెలక్షన్ ట్రయల్స్ లాంటివి మధ్యాహ్నం అసలు వద్దు.

తర్వాత, అంకె చూడటం అలవాటు చేసుకోండి. సనత్‌నగర్, జూపార్క్, సెంట్రల్ యూనివర్సిటీ, బొల్లారం, పాశమైలారం, పటాన్‌చెరు ఇక్రిశాట్, ఇలా మన దగ్గర గాలిని రోజంతా కొలిచే స్టేషన్లు ఉన్నాయి. మీ బడికి దగ్గరలో ఉన్నదాన్ని చూడండి. రోజు మొత్తం సగటు చూస్తే మోసపోతాం, రాత్రి తక్కువ అంకెలు కలిసి మధ్యాహ్నాన్ని దాచేస్తాయి. గంట గంటకీ వచ్చే ఓజోన్ అంకె చూడాలి. మన జాతీయ ప్రమాణం ఘనపు మీటరుకి ఎనిమిది గంటల సగటు 100 మైక్రోగ్రాములు, ఒక గంటకి 180. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఎనిమిది గంటలకి 100 అనే అంటోంది. నేనైతే పిల్లలు పరుగెత్తే గ్రౌండ్‌కి గంట అంకె 100 దాటగానే ఆట తేలిక చేయమంటాను. 180 దాకా ఆగడం నాకు ఇష్టం లేదు.

మూడోది, ఆయాసం ఉన్న పిల్లల పేర్లు పీఈటీ దగ్గర ఉండాలి. ఇన్‌హేలర్ బ్యాగులో కాదు, గ్రౌండ్‌లో చేతికందేచోట ఉండాలి. ఎవరైనా గాలి పూర్తిగా పీల్చలేకపోతున్నానంటే, "నాటకాలాడకు, ఇంకో రౌండ్ కొట్టు" అనొద్దు. మా బాబు ఆ రోజు మూడు రౌండ్లు ఎక్కువ పరుగెత్తాడని నాకు తర్వాత తెలిసింది. వాడు చెప్పుకోవడానికి మొహమాటపడ్డాడు.

మీ వైపు ఇబ్బందులు నాకు తెలుసు. పొద్దుటి స్లాట్లకి టర్ఫ్ అద్దె ఎక్కువ. ఒక్క గ్రౌండ్‌లో నాలుగు బ్యాచ్‌లు నడిస్తేనే కోచ్‌కి నెల గడుస్తుంది. నాలుగు బ్యాచ్‌లని రెండు చేయమంటే ఆదాయం సగమవుతుంది, ఇది చిన్న విషయం కాదు. కానీ పెద్ద గ్రౌండ్లున్న బడులు వేసవిలో పొద్దున్నపూట గేట్లకి తాళాలు వేసి ఉంచుతున్నాయి. ప్రిన్సిపాల్ గార్లు ఆ గ్రౌండ్లని ఆరింటి నుంచి తొమ్మిదిన్నర దాకా దగ్గర్లోని కోచ్‌లకి నామమాత్రపు అద్దెకి ఇవ్వగలిగితే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. తల్లిదండ్రులం కూడా వంద రెండొందలు ఎక్కువైనా పొద్దుటి బ్యాచ్‌కే కడతాం. నేను మా కాలనీలో ఇప్పటికే పద్నాలుగు మందితో మాట్లాడాను. పదకొండు మంది సరేనన్నారు.

ఎండలో ఆడితేనే పిల్లలు గట్టిపడతారని నమ్మే కోచ్‌లు కొందరున్నారు. చెమటకి, వేడికి ఒళ్లు అలవాటు పడుతుంది, ఆ మాట ఒప్పుకుంటాను. ఓజోన్‌కి వరసగా నాలుగైదు రోజులు గురైతే దగ్గు, ఛాతీ నొప్పి తగ్గినట్టు అనిపిస్తాయి కూడా. కానీ లోపలి వాపు ఆగదు. నొప్పి తెలియడం మానేసిన పిల్లవాడు ఇంకా గట్టిగా పరుగెత్తుతాడు. నాకు అన్నిటికన్నా భయం వేసేది దానికే.

మా బాబు ఇప్పుడు బాగానే ఉన్నాడు. పొద్దున్న ఆరింటి బ్యాచ్‌కి వెళ్తున్నాడు, రెండు నెలలుగా ఇన్‌హేలర్ తీయాల్సిన అవసరం రాలేదు. ఈ ఏడాది వాడి బడి నోటీసు బోర్డు పక్కన గంట గంటకీ ఓజోన్ అంకె రాసుకునే చార్టు ఒకటి పెట్టడానికి హెడ్‌మిస్ట్రెస్ గారు ఒప్పుకున్నారు. ఎనిమిదో తరగతి పిల్లలు వంతులేసుకుని రాస్తారు. మీ బడికీ, మీ క్యాంపుకీ అలాంటి చార్టు కావాలంటే నేనే గీసి, యాప్‌లో ఏది ఎక్కడ చూడాలో మీ పిల్లలకి నేర్పించి వెళ్తాను. ఆదివారాలు, కాలేజీ అయ్యాక మూడు దాటాక నాకు వీలు. ఒంటిపూట బడులు మొదలయ్యేలోపు ఎన్ని చోట్లకి రాగలిగితే అన్ని చోట్లకి వస్తాను.

ఇట్లు,
ఒక అమ్మ, కెమిస్ట్రీ లెక్చరర్,
చందానగర్, హైదరాబాద్